బొట్టుబిళ్ళ జిగురు మొదలు గోళ్ళరంగు వరకు: సౌందర్య సాధనములలోని కృత్రిమ పాలిమరులు

రాత్రి నిద్రించుటకు ముందు నుదుటి బొట్టుబిళ్ళను తీసి అద్దము మూలన అంటించుట నేడు అనేక గృహములలో కానవచ్చు అలవాటు. ఒకనాడు అట్లు తీసిన చోట, సరిగా ఆ బిళ్ళ యంతటి మచ్చ యొకటి, చుట్టునున్న చర్మముకంటె కొంచెము వెలిసినట్లు కనిపించును. ఎండ తగులని చోటు గావున లేతగా నున్నదని సరిపుచ్చుకొని, ఆ యిల్లాలు మరునాడు దానిపైననే క్రొత్త బిళ్ళను పెట్టుకొనును. మచ్చ కొంత పెరిగినప్పుడు, దానిని కప్పుటకై యింకను పెద్ద బిళ్ళను ఎంచుకొనును. కొన్ని నెలలలో ఆ చోటు పాలవలె తెల్లబడును. అప్పుడు ఇంటిల్లపాదికిని భయము పట్టుకొనును. బొల్లి యని యొకరు, కుష్ఠు అని యింకొకరు అందురు. పెండ్లి కావలసిన పిల్ల యైనచో ఆ మచ్చను గూర్చి యింటిలో గుసగుసలే తప్ప వైద్యుని యొద్దకు పోవుట యుండదు.

చర్మవైద్యులకు ఈ మచ్చ క్రొత్తది కాదు. ఇది కుష్ఠు కాదు. ఒకరినుండి మరియొకరికి అంటునది అసలే కాదు. బొట్టుబిళ్ళ వెనుక పూసిన జిగురులోని ఒక రసాయనము చర్మములోనికి దిగి, అచ్చట రంగును తయారుచేయు కణములను చంపుటవలన ఇది కలుగుచున్నది. ఆ రసాయనము పేరు పారా-టెర్షియరీ-బ్యూటైల్ ఫినాల్. బొట్టుబిళ్ళల జిగురులో అది విడిగా మిగిలియుండి మచ్చలకు కారణమగుచున్నదని 1990లో అలహాబాదు వైద్యులు ప్రకటించిరి. పలుకుటకు పేరు కష్టమైనదే. అయినను దేశమందు కోట్లకొలది స్త్రీలు ప్రతిదినము నుదుట ధరించు వస్తువునకు సంబంధించినది గావున, ఒకసారి కూడబలుకుకొనియైనను చదువదగినది.

ఆ జిగురు ఒక కృత్రిమ పాలిమరు. షాంపూలో, ముఖమునకు రాయు లేపనములో, పెదవుల రంగులో, గోళ్ళరంగులో, చెమటకు చెదరని కాటుకలో నేడు ఏదో యొక కృత్రిమ పాలిమరు కలిసియున్నది. బొట్టుబిళ్ళ జిగురు మచ్చ తెచ్చినది గనుక ఇవన్నియు హానికరములే యని కొందరు తలంతురు. పెద్ద కంపెనీలు తయారుచేసినవి గనుక అన్నియు నిరపాయములే యని మరికొందరు తలంతురు. రెండును తొందరపాటు మాటలే. బొట్టుబిళ్ళ జిగురులో అపరాధి పాలిమరు కాదు. పాలిమరుతోపాటు దానిలో మిగిలిపోయిన ఒక చిన్న అణువు. ఈ భేదము తెలిసినచో తక్కిన సాధనములను గూర్చియు చాలవరకు సరిగా నిర్ణయించుకొనవచ్చును.

గొలుసు వంటి అణువులు

అనేక చిన్న అణువులు ఒకదానినొకటి పట్టుకొని వరుసగా కూడుటచే ఏర్పడిన పెద్ద అణువునకు పాలిమరు అని పేరు. కూడిన ఒక్కొక్క చిన్న అణువును మోనోమరు అందురు. పూలదండతో పోల్చినచో పువ్వు మోనోమరు, దండ పాలిమరు. అయితే దండలో దారము వేరుగా నుండును. ఇచ్చట దారము లేదు, పువ్వులే ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనియుండును. ఒక గొలుసులో వందలు, వేలు, కొన్నిట లక్షలకొలది మోనోమరులు ఉండవచ్చును.

ఇంత పొడవైన అణువులు ప్రకృతిలో ఉన్నవని 1920లో హెర్మన్ స్టౌడింగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించినపుడు, అట్టివి ఉండుట అసంభవమని నాటి రసాయన శాస్త్రజ్ఞులలో పెక్కుమంది వాదించిరి. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించునప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరములు. అప్పటికే నైలాను బట్టలు బజారులో అమ్ముడగుచుండెను.

పాలిమరులు కేవలము మనుష్యుడు చేసినవి కావు. గంజిలోని పిండిపదార్థము, ప్రత్తిలోని సెల్యులోసు, తుమ్మజిగురు, పట్టుదారము, తలవెండ్రుక – ఇవన్నియు ప్రకృతి కూర్చిన పాలిమరులే. చీరెకు గంజి పెట్టి ఆరవేసినపుడు, నీరు ఇగిరిపోయి, పిండిపదార్థపు గొలుసులు దారములమీద పలుచని పొరగా నిలిచి బట్టను బిరుసెక్కించును. జుట్టు చెదరకుండ చల్లుకొను స్ప్రే చేయు పని యంతకంటె వేరుకాదు. గంజికి బదులు అచ్చట కర్మాగారములో తయారైన పాలిమరు ఉండును, నీటికి బదులు శీఘ్రముగా ఇగురు ద్రవము ఉండును.

గొలుసు కూర్చునపుడు ప్రతి మోనోమరును దానిలో చేరిపోవునని చెప్పుటకు వీలులేదు. కొన్ని విడిగా మిగిలిపోవును. కొన్ని చోట్ల గొలుసు పూర్తిగా పెరుగక పొట్టి తునకలుగా నిలిచిపోవును. కూర్పును ఆరంభించుటకు వేసిన పదార్థములు, మెత్తదనమునకు కలిపినవి, ద్రావకములు – వీని శేషములును ఉండును. మంచి కర్మాగారములో వీనిని కడిగి, ఆవిరిచేసి, పరీక్షించి, మిక్కిలి స్వల్పమగునట్లు చూతురు. అలక్ష్యముగా పనిచేయు చోట ఆ శ్రమ జరుగదు. పైకి చూచుటకు రెండు జిగురులును ఒకే తీరున ఉండును.

చర్మపు గోడ

చర్మమునకు పైనున్న మృతకణముల పొర మందము మిల్లీమీటరులో నూరవ వంతు మొదలుకొని ఏబదవ వంతు వరకు మాత్రమే యుండును. అయినను అది గట్టి గోడ. ఇటుకలవలె చదునైన కణములు, వాని నడుమ సున్నమువలె క్రొవ్వు పదార్థము పేర్చబడియుండును. ఈ గోడను దాటి లోనికి పోవలెనన్న అణువు చిన్నదై యుండవలెను. అణువుల బరువును డాల్టనులలో కొలుతురు. ఒక ఉదజని పరమాణువు రమారమి ఒక డాల్టను, నీటి అణువు 18 డాల్టనులు. 500 డాల్టనులకు మించిన అణువులు ఆరోగ్యవంతమైన చర్మమును దాటుట అరుదని 2000 సంవత్సరములో శాస్త్రజ్ఞులు ఒక స్థూల సూత్రమును చెప్పిరి. ఇది గీత గీచినట్లు కచ్చితమైన నియమము కాదు. గాయపడిన చర్మమునకు, పగిలిన పాదమునకు, గజ్జి గోకిన చేతికి ఇది వర్తించదు. ఐనను మంచి కొలబద్ద.

ఈ కొలబద్దతో చూచినచో విషయము తేటతెల్లమగును. జుట్టు స్ప్రేలలో వాడు పాలివినైల్ పైరాలిడోను వంటి పాలిమరుల బరువు వేలు, పదివేలు డాల్టనులలో నుండును. లేపనములను చిక్కపరచు కార్బోమరు లక్షలకు మించును. ఇవి చర్మమును దాటలేవు. బొట్టుబిళ్ళ జిగురులోని పారా-టెర్షియరీ-బ్యూటైల్ ఫినాల్ బరువు 150 డాల్టనులు. అక్రిలమైడు 71. గోళ్ళ జెల్లులలో వాడు హెచ్.ఇ.ఎమ్.ఏ. అను మోనోమరు 130. ఫార్మాల్డిహైడు 30 మాత్రమే. వీనికి ఆ గోడ యంతగా అడ్డు కాదు.

మేలు చేయునవి

కార్బోమరు అక్రిలిక్ ఆమ్లముతో చేసిన పాలిమరు. దాని పొడిని నీటిలో కలిపినపుడు గొలుసులు ముడుచుకొనియుండును. కొంచెము క్షారము చేర్చగనే గొలుసు పొడవునను ఋణవిద్యుత్తు ఏర్పడి, ఒక భాగమును మరియొక భాగము నెట్టుటచే గొలుసులు విచ్చుకొని నీటిని పట్టుకొనును. పలుచని నీరు క్షణములో పారదర్శకమైన జెల్లుగా మారును. నూరుపాళ్ళ నీటికి అరపాలు కార్బోమరు చాలును. 2020లో కోవిడు వ్యాపించినపుడు ఇంటింటికిని వచ్చిన చేతుల శుద్ధి జెల్లులో మద్యసారము చేతినుండి జారిపోకుండ నిలిపినది తరచుగా ఈ పదార్థమే.

షాంపూతో తలంటుకొన్న పిదప జుట్టు చిక్కుపడకుండ చేయునవి ధనవిద్యుత్తు గల పాలిమరులు. తడిసిన వెండ్రుకకు ఋణవిద్యుత్తు ఉండును. దెబ్బతిన్న చోట అది అధికము. కావున పాలిమరు దానంతటది పోయి దెబ్బతిన్న చోటనే అంటుకొనును. డబ్బాపై పాలిక్వాటర్నియమ్ అని, ప్రక్కన ఒక సంఖ్యతో వ్రాసియుండునది ఇదియే. వీనిలో కొన్ని ప్రత్తి సెల్యులోసునుండియే సంస్కరింపబడినవి.

సిలికోనులు మరియొక జాతి. వీని గొలుసులో బొగ్గు పరమాణువులకు బదులు సిలికాను, ఆమ్లజనియు ఒకదాని వెంట ఒకటి వచ్చును. డైమెథికోను అను సిలికోను ముఖలేపనములకు నున్నదనము నిచ్చును, చర్మమునుండి నీరు ఇగిరిపోకుండ ఆపును. కడుపు ఉబ్బరమునకు వైద్యులిచ్చు సిమెథికోను ఔషధములోనిదియు ఇదే డైమెథికోను. అది ప్రేగులలో గ్రహింపబడక బయటికి పోవును. పైన చెప్పిన పాలివినైల్ పైరాలిడోనునకును ఇట్టి చరిత్రయే గలదు. 1939లో జర్మనీయందు వాల్టర్ రెప్పె అను రసాయనజ్ఞుడు దానికి పేటెంటు పొందెను. నేడు మాత్రలు విరిగిపోకుండ పట్టియుంచుటకు దానిని వాడుదురు. గాయములకు పూయు గోధుమవర్ణపు పోవిడోన్ అయొడిన్ మందులో పోవిడోన్ అనబడునది అదియే.

కాబట్టి కృత్రిమమను మాట విన్నంత మాత్రమున బెదరుట తగదు. సహజమను మాట విని ఆదమరచుటయు తగదు. కొన్ని సుర్మాలలో నుండునది సీసము కలిసిన ఖనిజమే. అది భూమినుండి త్రవ్వినదే. పిల్లల మెదడునకు అది చేయు హాని మాత్రము తక్కువ కాదు.

నుదుటి మచ్చ యెట్లు కలుగును

బొట్టుబిళ్ళను తమిళనాడులోను శ్రీలంకలోను పొట్టు అనియు, బంగాళమున టిప్ అనియు, నేపాలులో టికా అనియు పిలుతురు. పేర్లు వేరైనను నేటి బిళ్ళ యంతటను ఒకటే: ముఖమలు గుడ్డగాని ప్లాస్టిక్ రేకుగాని, దాని వెనుక జిగురు. ఈ జిగురులలో కొన్నింటిని పారా-టెర్షియరీ-బ్యూటైల్ ఫినాల్‌ను ఫార్మాల్డిహైడుతో కూర్చిన రెసినుతో తయారుచేయుదురు. అది చవక, అంటుబలము ఎక్కువ. చెప్పుల అట్టలను, చేతిగడియారపు తోలుపట్టీలను అతుకుటకును దానినే వాడుదురు. కూర్పు సరిగా జరుగనిచో ఫినాల్ విడిగా మిగులును.

చర్మమునకు నలుపునిచ్చునది మెలనిన్. దానిని చేయు కణములు టైరోసిన్ అను పదార్థమును తీసికొని, ఒక ఎంజైము సహాయముతో మెలనిన్‌గా మార్చును. పారా-టెర్షియరీ-బ్యూటైల్ ఫినాల్ ఆకారములో టైరోసినును పోలియుండును. ఎంజైము భ్రమపడి దానిని పట్టుకొనును. దానినుండి పుట్టు విషపదార్థములు ఆ కణమునే చంపును. చుట్టునున్న తక్కిన కణములకు ఆ ఎంజైము లేదు గనుక వానికి అంత హాని యుండదు. అందుచే చర్మము నున్నగా, స్పర్శజ్ఞానము చెడక, రంగు మాత్రము పోయి మిగులును.

ఇది మొదటిసారి కనుగొనబడినది బొట్టుబిళ్ళలో కాదు. 1939లో అమెరికాయందు తోళ్ళ కర్మాగారములో రబ్బరు చేతితొడుగులు ధరించిన కార్మికుల చేతులు తెల్లబడినవి. పరీక్షించి చూడగా రబ్బరు చెడిపోకుండ కలిపిన మోనోబెంజైల్ ఈథర్ ఆఫ్ హైడ్రోక్వినోను దానికి కారణమని తేలెను. అచ్చటను అపరాధి రబ్బరు అను పెద్ద అణువు కాదు, దానిలో కలిపిన చిన్న అణువే. మనదేశమున రబ్బరు చెప్పుల పట్టీలు ఒరయు చోట కొందరి పాదములపై ఏర్పడు తెల్లని మచ్చలకును ఇట్టి రసాయనములే కారణము.

నుదురు ఇందుకు మరింత అనువైన చోటు. ఒక ఔషధముతో చేసిన పరీక్షలో ముంజేతికంటె నుదుటి చర్మము సుమారు ఆరు రెట్లు ఎక్కువగా పీల్చుకొనెనని 1967లో ప్రకటింపబడినది. దానిపై గాలి చొరని రేకు అంటించి, చెమటతో తడిసి, పగలు రాత్రి ఒకే చోట నుంచినచో రసాయనము దిగుటకు కావలసిన సదుపాయములన్నియు అమర్చినట్లే.

అయితే అందరికిని ఈ మచ్చ ఎందుకు రాదు? జిగురులన్నియు ఒకటి కావు. కొన్నిటిలో ఈ రెసిను అసలే యుండదు. కొందరి కణములు స్వభావముచేతనే ఈ విషమునకు లొంగునవి. అట్టివారిలో మచ్చ బిళ్ళ క్రింద ఆరంభమై, చుట్టును చిన్న చిన్న చుక్కలుగా, ఒక్కొక్కప్పుడు బిళ్ళ తగులని దూరప్రదేశములకును వ్యాపించవచ్చును. కొందరికి మొదట దురద, ఎఱ్ఱదనము కలిగి తరువాత మచ్చ వచ్చును. కొందరికి ఏ హెచ్చరికయు లేకయే రంగు పోవును. దురద లేదు గనుక ప్రమాదము లేదనుకొనుట పొరపాటు.

మొదటి చికిత్స బిళ్ళను మానుట. వారమునకు ఒకనాడు మానుట కాదు, పూర్తిగా మానుట. మచ్చ చిన్నదిగా నున్నపుడే మానినచో, కొందరికి వెండ్రుకల మూలములలో మిగిలిన రంగుకణములు పైకి వచ్చి కొన్ని నెలలలో చర్మము మరల తన వర్ణమునకు వచ్చును. ఆలస్యమైనచో వైద్యుడు పూతమందులు, కాంతిచికిత్స సూచించును. ఔషధశాలలో అడిగి స్టీరాయిడు లేపనము కొని తెచ్చుకొని స్వయముగా రాసికొనరాదు. అది ముఖచర్మమును పలుచబరచి క్రొత్త కష్టమును తెచ్చును. పరిసర చర్మమును తెల్లబరచి మచ్చతో సమము చేయుదుమని ప్రచారము చేయువారిని నమ్మరాదు. కుష్ఠు అను అనుమానమున్నచో, మచ్చపై దూదిపింజతో తాకిచూచినను కొంత తెలియును. కుష్ఠుమచ్చలో తరచుగా స్పర్శ తగ్గియుండును, ఈ మచ్చలో తగ్గదు. ఏది యైనను తేల్చవలసినది వైద్యుడే. ఆ పిల్లను ఇంటిలో దాచినందువలన మచ్చ తగ్గదు. బిళ్ళ మాన్పించి ఆసుపత్రికి తీసికొనిపోయినచో తగ్గుటకు అవకాశమున్నది.

బిళ్ళకు బదులుగా కుంకుమ పెట్టుకొనవచ్చునా యని చాలమంది అడుగుదురు. పసుపు, సున్నముతో ఇంట చేసిన కుంకుమతో భయము తక్కువ. అంగడి కుంకుమలలో కలుపు కొన్ని కృత్రిమ రంగులు కొందరికి పడవు. అప్పుడు నుదురు తెల్లబడుటకు బదులు నల్లబడును.

గోళ్ళు, కనురెప్పలు

సాధారణమైన గోళ్ళరంగు ప్రత్తి సెల్యులోసును నత్రికామ్లముతో సంస్కరించి చేసిన నైట్రోసెల్యులోసు. దానిని ద్రావకములో కరిగించి, మెరుపుకై రెసిను చేర్చుదురు. ఆ రెసినులలో చిరకాలము వాడుకలో నున్నది ఫార్మాల్డిహైడుతో కూర్చినది. దానికి పడనివారికి దద్దురులు వ్రేళ్ళపై రావు! గోరు గట్టిది, క్రిందికి దిగనీయదు. రంగు పూర్తిగా ఆరకముందే ఆ చేతితో కన్ను నలుపుకొనినచో, పలుచని కనురెప్పపైన, మెడపైన దద్దురు లేచును. కనురెప్పల వాపునకు కారణము తెలియక మందులు మార్చి మార్చి వాడువారి గోళ్ళవైపు చూడవలెనని చర్మవైద్యులకు పాఠములలోనే నేర్పుదురు.

దీపపు కాంతిలో గట్టిపడు జెల్లు గోళ్ళు ఇటీవల పట్టణములలో విరివిగా వచ్చినవి. ఇది గోళ్ళరంగువంటిది కాదు. గోళ్ళరంగులో పాలిమరు కర్మాగారములోనే తయారై వచ్చును. జెల్లులోనైతే మోనోమరును తెచ్చి గోటిపై పూసి, అతినీలలోహిత కాంతితో అచ్చటికక్కడనే పాలిమరుగా మార్చుదురు. అనగా కర్మాగారపు పని కస్టమరు వ్రేలిపై జరుగుచున్నది. దీపము బలహీనమైనను, సమయము చాలకున్నను, పూత మందమైనను మోనోమరు కొంత మిగిలిపోవును. గోటి ప్రక్కనున్న చర్మమునకు అది తగిలినచో కొందరికి ఎలర్జీ యేర్పడును; ఏర్పడినచో సాధారణముగా జీవితాంతము పోదు. తరువాత పంటికి పూరకము వేయించుకొన్నపుడు అందులోని అట్టి మోనోమరులే బాధ కలిగింపవచ్చును. ఈ కారణముచే 2020లో యూరోపియను సంఘము హెచ్.ఇ.ఎమ్.ఏ. కలిసిన గోళ్ళ సాధనములను శిక్షణ పొందినవారు మాత్రమే వాడవలెనని నియమము చేసినది. జెల్లును గట్టిపరచుటకు కలుపు టి.పి.ఓ. అను మరియొక చిన్న అణువును 2025 సెప్టెంబరు 1 నుండి అచ్చట సౌందర్య సాధనములలో పూర్తిగా నిషేధించిరి. సంతానోత్పత్తికి హాని చేయునను వర్గములో అది చేర్చబడుటయే అందుకు హేతువు. ఇంట కొని తెచ్చుకొను చవక జెల్లు పెట్టెలతో, చవక దీపములతో, పదునాలుగేండ్ల పిల్లలు స్వయముగా చేసికొనుట ఏమాత్రము మంచిది కాదు.

అక్రిలమైడు విషయములో యూరోపియను నియమము మరింత సూక్ష్మము. దానితో చేసిన పాలిమరులు శరీరమునకు రాసి ఉంచుకొను లేపనములలో నున్నచో, మిగిలిన మోనోమరు కిలోగ్రామునకు 0.1 మిల్లీగ్రాముకు మించరాదు. తక్కిన సౌందర్య సాధనములలో 0.5 మిల్లీగ్రాముకు మించరాదు. పాలిమరును నిషేధింపలేదు, శేషమునకు హద్దు పెట్టిరి.

పీల్చుట, ఎక్కించుట

చర్మమునకు చెప్పిన సూత్రము ఊపిరితిత్తులకు, రక్తమునకు వర్తించదు. ఇది మరువరానిది.

వినైల్ క్లోరైడు అను వాయువు పి.వి.సి. అను ప్లాస్టికునకు మోనోమరు. ఒకప్పుడు అమెరికాలో జుట్టు స్ప్రే డబ్బాలనుండి ద్రవమును బయటికి నెట్టుటకు దీనిని నింపెడివారు. 1974లో పి.వి.సి. కర్మాగార కార్మికులలో అరుదైన కాలేయపు కేన్సరు బయటపడగా, అదే సంవత్సరము సౌందర్య సాధనములలో ఆ వాయువు వాడకమును అమెరికా ప్రభుత్వము నిషేధించెను. నేటి స్ప్రేలలో అది లేదు. పి.వి.సి. గొట్టములో నీరు త్రాగుచున్నాము. దాని మోనోమరు మాత్రము నిశ్చయముగా కేన్సరు కారకము. పెద్ద అణువునకు, చిన్న అణువునకు గల అంతరమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

1958లో అమెరికా వైద్యులు జుట్టు స్ప్రేను దీర్ఘకాలము పీల్చిన స్త్రీల ఊపిరితిత్తులలో మచ్చలు చూచి, పాలివినైల్ పైరాలిడోను అచ్చట పేరుకొనియుండునని శంకించిరి. ఆ శంక తరువాత పూర్తిగా స్థిరపడలేదు. ఐనను తలుపులు మూసిన చిన్న గదిలో దినమంతయు స్ప్రే చల్లు క్షౌరశాల పనివారు కిటికీ తెరచియుంచుకొనుట మేలు. ఇదే పాలిమరును సూదిమందులో కలిపి పలుమార్లు శరీరములోని కెక్కించినచో, దాని పెద్ద అణువులను మూత్రపిండములు బయటికి పంపజాలవు. ఎముకలలో, చర్మములో సంవత్సరములకొలది నిలిచి వ్యాధి కలిగించిన సందర్భములు గలవు. ద్రవ సిలికోనును అందము కొరకు శరీరములోనికి ఎక్కించుకొని, అది రక్తనాళములలో అడ్డుపడి ప్రాణములు కోల్పోయినవారును గలరు. పైన రాసికొన్నపుడు మేలు చేసినది లోన ప్రవేశించినపుడు మేలు చేయునన్న పూచీ లేదు.

కడిగివేసిన పిదప

ముఖము రుద్దుకొను క్రీములలోను, పండ్లపొడి పేస్టులలోను పాలిథీను గుండ్లను కలుపు ఆచారము కొంతకాలము సాగినది. అవి చర్మమునకు హాని చేయలేదు. కాలువలో కలిసి, వడపోతలను తప్పించుకొని, చేపల కడుపులలో చేరినవి. అమెరికా 2015లో శాసనము చేసి, 2017 జూలైనుండి కడిగివేయు సాధనములలో వాని తయారీని ఆపినది. 2017లోనే భారతీయ ప్రమాణముల సంస్థ సౌందర్య సాధనములలో ఈ గుండ్లను సురక్షితము కానివాని పట్టికలో చేర్చినది. యూరోపియను నియమము 2023 అక్టోబరు 17న అమలులోనికి వచ్చి విడి తళుకుపొడికిని వర్తించినది. త్వరగా ఆవిరియగు డి-4, డి-5 అను చక్రాకార సిలికోనులను కూడ అచ్చట 2020 జనవరి 31 తరువాత కడిగివేయు సాధనములలో నూటికి 0.1 వంతునకు పరిమితము చేసిరి. అవి నీటిలో త్వరగా నశింపవు. ఒళ్ళు రుద్దుకొనుటకు గుండ్లు లేని లోటు తెలుగిండ్లలో ఎన్నడును లేదు, సున్నిపిండి ఉన్నది.

కొనునపుడు

మన దేశమున 1940 నాటి ఔషధముల చట్టము 1962లో సవరింపబడి సౌందర్య సాధనములకును వర్తించుచున్నది. 2020లో వానికి ప్రత్యేక నియమములు ఏర్పడినవి. తయారుచేసినవారి పేరు, చిరునామా, బ్యాచి సంఖ్య, వాడుటకు గడువు, చేరిన పదార్థముల పట్టిక డబ్బాపై నుండవలెను. నూటికి ఒక వంతునకు మించిన పదార్థములు ఎక్కువనుండి తక్కువకు వరుసగా నుండును. పాలి అను అక్షరములతో ఆరంభమగునవి, కార్బోమరు, డైమెథికోను, అక్రిలేట్స్ అను మాట చేరినవి – ఇవన్నియు పాలిమరులే. వానిని చూచి డబ్బాను తిరిగి పెట్టవలసిన పని లేదు. తయారుచేసినవారి చిరునామా లేనిదానిని మాత్రము తిరిగి పెట్టవలెను. వీధి అంగళ్ళలో అట్టలకొలది అమ్ముడగు బొట్టుబిళ్ళల జిగురు ఏదో చాలవాటిపై వ్రాసియుండదు.

బిళ్ళను రాత్రి తీసివేసి నుదురు కడుగవలెను. ప్రతిదినము ఒకే చోట పెట్టక కొంచెము పైకిని క్రిందికిని మార్చవలెను. దురద, ఎఱ్ఱదనము, లేతమచ్చ – వీనిలో ఏది కనిపించినను ఆ దినముననే మానవలెను. చంటిపిల్లలకు జిగురు బిళ్ళ అసలే వలదు. జిల్లా ఆసుపత్రిలోగాని వైద్య కళాశాలలోగాని చర్మవైద్యుడు ఉన్నచో, వీపున పట్టీలంటించి రెండు దినముల పిదప చూచు పరీక్షతో ఏ పదార్థము పడలేదో తేల్చగలడు. వైద్యుని యొద్దకు పోవునపుడు వాడిన బిళ్ళల అట్టను, ఖాళీ యైనను, వెంట తీసికొనిపోవలెను. ఫిర్యాదు చేయదలచినవారు ఆ అట్టతోనే తమ రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారికి వ్రాయవచ్చును.